కూకున్నోళ్లను ఎవురు సూస్తారు సార్?

బడి ఆటల మీద తీసిన సినిమా టీవీలో వస్తోందంటే మా ఇంట్లో ఎవరూ నా పక్కన కూర్చోరు. నేను నోరు మూసుకుని చూడలేను మరి. తెర మీద పిల్ల పరుగు అందుకుందో లేదో, కుర్చీలోంచి లేచి "భుజాలు దించు! భుజాలు దించవే తల్లీ!" అని అరుస్తాను. రెఫరీ తప్పుగా విజిల్ వేస్తే వాడితో గొడవ పెట్టుకుంటాను. చివర్లో కప్పు ఎత్తేటప్పుడు అందరికంటే ముందు ఏడ్చేదీ నేనే. ఏడ్చి, ముక్కు చీది, ఆ తర్వాత కూర్చుని సినిమాను తిట్టడం మొదలుపెడతాను. "అంతసేపు ఏడిపించిందే, ఆ విశ్వాసమైనా ఉండొద్దా?" అంటుంది మా ఆవిడ.

ఏం చేయను! సర్వీసంతా డ్రిల్లు సారుగా బతికినవాణ్ణి. పోయినేడే రిటైరయ్యాను. ఆ సినిమాలంటే పిచ్చి నాకు, ఒక్కటీ వదలను. కానీ వాటిలో నాకు తెలిసిన బడి ఎప్పుడూ కనపడదు. చదువంటే అడ్డుగోడ, ఆటంటే ఆ గోడ దూకే గుర్రం. లెక్కలు చెప్పేవాళ్లు తప్పకుండా దుర్మార్గులు. గెలిచేది ఒక్కరే, మిగతావాళ్లు చప్పట్లకు. మొదటి నుంచీ వద్దన్న తండ్రి ఆఖరి నిమిషంలో గేటు దగ్గర నిలబడి కళ్లు తుడుచుకుంటాడు. కప్పు ఎత్తగానే శుభం. ఆ కప్పు పట్టుకుని ఆ పిల్ల మర్నాడు ఎక్కడికి పోయిందో ఏ సినిమా చెప్పదు.

ఈ మధ్యే విజిల్ మెడలో వేసుకున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ సంగతి మీకు చెప్పాలనే కూర్చున్నాను. మా బడికి కూడా ఒక సినిమా వచ్చింది. వచ్చి మా జట్టును ఎలా ఆగం చేసిందో, ఆ తర్వాత ఏమైందో వినండి. నా ఉద్యోగంలో అంత గొప్ప రోజు ఇంకోటి లేదు.

బత్తలపల్లె నుంచి కదిరికి పోయే రోడ్డు మీద దిగి లోపలికి నడిస్తే వచ్చే ఊరు మాది. ఎర్రమట్టి గ్రౌండు, దాన్నిండా గులకరాళ్లు. ధర్మవరంలో తెలిసినాయన ఇంట్లో మూలన పడి ఉన్న పాత మగ్గం కొయ్యలు రెండు తెచ్చి ఖోఖో పోల్‌లుగా పాతాను. చెనిక్కాయ, అదే వేరుశనగ, పీకే రోజులొస్తే చాలు, ఊరివాళ్లు చెట్లు తెచ్చి మా గ్రౌండులోనే వాములు వేసేవాళ్లు. మొదట్లో నేను పోట్లాడాను. "బడి పిల్లోళ్లదే గదప్పా సారూ, పిల్లోళ్లు మావోళ్లే గదా, మరి గ్రౌండు ఎవురిది?" అని ఒక పెద్దాయన అడిగాడు. సరేనని వాముల మధ్యలోనే ప్రాక్టీసు పెట్టాను. అదే మాకు కలిసొచ్చింది. వాముకూ వాముకూ మధ్య దూరి, వంపులు తిరిగి, చటుక్కున మలుపు తీసుకుని పరిగెత్తే మా పిల్లలను చూస్తే, అబ్బబ్బ, ఏం చెప్పను! జింకపిల్లలే.

ఖోఖో తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. తరిమే జట్టులో ఎనిమిది మంది రెండు పోల్‌ల మధ్య గీత మీద వరుసగా కూర్చుంటారు, ఒకరు ఇటు, ఒకరు అటు మొహం పెట్టి. తొమ్మిదో పిల్ల తరుముతుంది. తరిమే పిల్ల గీత దాటి అవతలికి పోకూడదు, వెనక్కి తిరగకూడదు. తప్పించుకునే పిల్ల మాత్రం కూర్చున్నవాళ్ల సందుల్లోంచి ఎటైనా దూరొచ్చు. మరి దొరికేదెలా? అవతలివైపు మొహం పెట్టి కూర్చున్న పిల్ల వీపు తట్టి "ఖో" అనాలి. ఆ పిల్ల లేచి తరుముతుంది. తట్టిన పిల్ల ఆమె చోట్లో కూర్చుంటుంది. అంతే ఆట. కూర్చోవడం చేతకానివాళ్లు ఈ ఆట ఆడలేరు.

ఆ ఏడు మా కెప్టెన్ పదో తరగతి పిల్ల. సన్నగా, పొడుగ్గా ఉండేది. నడుస్తున్నా పరిగెత్తినట్టే ఉండేది. వాళ్ల నాయనకు కొంచెం మెట్ట భూమి ఉంది, చెనిక్కాయ వేస్తాడు. వానలు పడితే కాయ, లేకపోతే కంప. పంట అయిపోగానే మొగుడూ పెళ్లామూ బెంగుళూరుకు పోయి కట్టడాల పనుల్లో ఉంటారు. పిల్ల ఇక్కడ అవ్వ దగ్గర ఉండేది. పదో తరగతి అయిపోగానే పిల్లను కూడా తీసుకుపోవాలని వాళ్ల ఆలోచన.

నేను వాళ్ల ఇంటికి పోయి నాయనతో మాట్లాడాను. జిల్లా జట్టుకు ఎంపికైతే ఆటల హాస్టల్లో సీటు వస్తుంది, తిండీ బసా ఇంటర్ చదువూ వాళ్లే చూసుకుంటారు, ఈసారి కదిరిలో జరిగే పోటీలకు సెలెక్టర్ వస్తారు అని చెప్పాను. ఆయన బీడీ ఆర్పేసి సూటిగా చెప్పాడు.

"ఆ సీటేదో తెప్పియ్యి సార్, నేను అడ్డం రాను. రాలేదనుకో, మీరు అడ్డం రావద్దు. ఈడ పెట్టి సదివిచ్చే శక్తి మాకు యాడుండాది?"

నేను ఊ అన్నాను. ఆ పిల్ల గుమ్మం పక్కన నిలబడి అంతా వింటూనే ఉంది.

ఇక మా హెడ్మాస్టరు. మంచివాడు, మెత్తనివాడు, కానీ సినిమా పిచ్చోడు. బడికి కొత్తగా వచ్చిన డిజిటల్ బోర్డు మీద పాఠాలకంటే ముందు పాటలే పరీక్షించి చూశాడు. పోటీలు దగ్గర పడ్డాయని ఒక శనివారం మధ్యాహ్నం జట్టునంతా కూర్చోబెట్టి, పిల్లలకు ఊపు రావాలని బడి ఆటల మీద తీసిన సినిమా ఒకటి పెట్టాడు. పల్లెటూరి పిల్ల, పరుగుపందెం, తాగుబోతు కోచ్, మీకు తెలిసిందేగా. నేనూ వెళ్లి కూర్చున్నాను. ఇంటర్వెల్ లోపే రెండుసార్లు ఏడ్చాను.

సినిమా మధ్యలో ఒక సీను వచ్చింది. హీరోయిన్ కోపంతో లెక్కల పుస్తకం తీసి బావిలో విసిరేస్తుంది. మా పిల్లలు బెంచీలు చరిచి ఒకటే కేకలు, ఈలలు! ఆ గోలలో తలుపు వైపు చూశానో లేదో, మా లెక్కల మేడం నిలబడి ఉంది.

ఈ మేడంతో నాకు ఆ బడిలో అడుగుపెట్టిన నాటి నుంచీ యుద్ధమే. కదిరి మనిషి. నా డ్రిల్లు పీరియడ్లు నేను గ్రౌండులో ముగ్గు గీసేలోగా లాక్కునేది. "ఉరికేది ఎప్పుడైనా ఉరకొచ్చు సార్, త్రికోణమితి ఆగదు" అనేది. ఆ రోజు తెర వంక అట్లే చూస్తూ నిలబడింది. బావిలో పుస్తకం దబ్బుమని పడి నీళ్లు పైకి లేచాయి.

"బావిలో నీళ్లు ఉండాయే! ఏ ఊరు సార్ అది? మనమూ ఆడికే ట్రాన్స్‌ఫర్ పెట్టుకుందాం" అని వెళ్లిపోయింది.

నవ్వలేక చచ్చాను. కానీ ఆ నవ్వు సోమవారం దాకా కూడా నిలవలేదు. సోమవారం వచ్చేసరికి మా జట్టంతా హీరోయిన్లే! తలకు ఎర్ర రిబ్బన్లు కట్టుకొచ్చారు. హెడ్మాస్టరు సినిమాలో మాదిరి నడుముకు టైరు కట్టి పరిగెత్తించాలని ఎక్కడినుంచో ట్రాక్టరు టైరు దొర్లించుకొచ్చాడు. అది కదిలితేగా! ముగ్గురు కలిసి లాగినా కదల్లేదు. మర్నాడు టైరు ఆసామి వచ్చి "ఏమప్పా హెడ్మాస్టరూ, నా టైరుకు కూడా అడ్మిషన్ ఇచ్చినావా?" అని దొర్లించుకుపోయాడు. ఇద్దరు పిల్లలు లెక్కల హోంవర్కు మానేశారు. అడిగితే "గెలిస్తే లెక్కలెందుకు మేడం?" అన్నారట. ఆ మాటకు మేడం నా మీదికి వచ్చింది, హెడ్మాస్టరు మీదికి కాదు.

ఇవన్నీ వదిలేయండి. అసలు దెబ్బ వేరు. ప్రాక్టీసులో ఎవరూ ఖో ఇవ్వడం లేదు! తరిమే అవకాశం వచ్చిన పిల్ల ఇక వదలదు. పోల్ చుట్టూ తిరిగొచ్చి మరీ తనే తరుముతుంది. ఊపిరి ఆడక పడిపోయేదాకా తరుముతుంది కానీ పక్క పిల్ల వీపు తట్టదు. సినిమాలో హీరోయిన్ ఎక్కడైనా మధ్యలో కూర్చుందా? లేదు కదా! అందరికంటే ఘోరం మా కెప్టెన్. నేను గొంతు చించుకుని "ఖో ఇయ్యి! ఖో ఇయ్యి!" అని అరుస్తుంటే వినపడనట్టే పరిగెత్తేది.

పోటీల రోజు రానే వచ్చింది. ఆడపిల్లల జట్టుకు మగ డ్రిల్లు సారు ఒక్కడే తోడు పోకూడదు, ఒక ఆడ టీచరు ఉండాలి. మిగతావాళ్లందరికీ ఏదో ఒక పని పడింది. లెక్కల మేడందే కదిరి కాబట్టి హెడ్మాస్టరు ఆమెనే పంపాడు. పొద్దున బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుని, "పోనూ రానూ బస్సులోనే గదా, ఊరికే కూచ్చోడం ఎందుకు?" అని పిల్లలకు సూత్రాలు అప్పగించే పని పెట్టింది. ఎర్ర రిబ్బన్ల హీరోయిన్లు సైన్ తీటా, కాస్ తీటా అనుకుంటూ కదిరిలో దిగారు.

సెమీఫైనల్ మా కాళ్లు చేసిన పుణ్యాన గెలిచాం, బుర్రలు చేసిన పుణ్యాన కాదు. కెప్టెన్ ఒంటరిగా తరిమి తరిమి ముగ్గురిని పట్టింది. గ్రౌండంతా చప్పట్లు. కానీ చివరికి మేము గట్టెక్కింది ఒక్క పాయింటుతో. ఫైనల్లో అవతలి జట్టు మామూలుది కాదు, మా ఆటంతా గట్టు మీద కూర్చుని చూసేసింది. వేప చెట్టు కింద కుర్చీలో సెలెక్టర్ కూడా కూర్చుని ఉంది. ఒకప్పుడు పేరుమోసిన క్రీడాకారిణి ఆవిడ, వయసు మళ్లింది, నల్ల కళ్లద్దాలు. ఆ అద్దాల వెనక ఎవరిని చూస్తోందో ఎవరికీ తెలియదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర కెప్టెన్‌ను పక్కకు పిలిచాను.

"మే! ఖో అంటే తెలుసునా నీకు? నోరు పడిపోయిందా?"

ఆ పిల్ల తల దించుకోలేదు. "సార్, ఆయమ్మ సూడాల గదా నన్ను. సీటు ఇచ్చేది ఆయమ్మే గదా."

"అయితే?"

"కూకున్నోళ్లను ఎవురు సూస్తారు సార్?"

పిల్ల అడిగిన దాంట్లో తప్పేముంది? వాళ్ల నాయన మాట నేనూ విన్నాను. బెంగుళూరులో ఇటుకలు మోయడానికీ, ఇంటర్ చదవడానికీ మధ్య ఉన్నది ఆ నల్ల కళ్లద్దాలే. నా జట్టు గెలవాలంటే ఆ పిల్ల కూర్చోవాలి, ఆ పిల్ల గెలవాలంటే పరిగెత్తాలి. ఏమని చెప్పేది?

అయినా డ్రిల్లు సారును కదా, ఊరుకోలేను. జట్టునంతా చుట్టూ నిలబెట్టి, ఆ సినిమాలో కోచ్ లాగే గొంతు బరువుగా పెట్టి మొదలుపెట్టాను. "బంగారు తల్లులారా! ఈ రోజు మీరు ఆడేది మీ కోసం కాదు..." అన్నానో లేదో, మైకులో "ఎవరిదో టిఫిన్ క్యారియర్ స్టేజీ దగ్గర దొరికినాది, వచ్చి తీసుకపోండి" అని వినిపించింది. మా పొట్టిది "అది నాదే సార్!" అని పరుగెత్తింది. నా ప్రసంగం అక్కడితో సరి.

ఈ పొట్టిది ఎనిమిదో తరగతి. జట్టులో అందరికంటే చిన్నది, పోల్ పక్క చోటు దానిది. క్యారియర్ పట్టుకుని రొప్పుతూ తిరిగొచ్చి నేరుగా కెప్టెన్ ముందు నిలబడింది.

"అక్కా, నాకు ఒక్క ఖో అన్నా ఇయ్యవా? పొద్దన్నుంచి కూకోని కూకోని కాళ్లు తిమ్మిరెక్కినాయి."

కెప్టెన్ రిబ్బను సర్దుకుంటూ పక్కకు తిరిగింది. లెక్కల మేడం మాత్రం ఊరుకోలేదు. ఆమెకు ఖోఖో తెలియదు, తెలుసుకోవాలని కోరికా లేదు. అంతసేపూ గొడుగు కింద కూర్చుని పేపర్లు దిద్దుతోంది. తలెత్తి, "పొద్దన్నుంచీ సూస్తాండా. ఒకరు ఉరికేదానికి తొమ్మిది మందిని ఎందుకు పిల్చుకొచ్చినారు సార్? మిగిలిన ఎనిమిది మందిని బళ్లోనే వదిలింటే ఈ పూట నా లెక్కలన్నా అయ్యేవి!" అంది.

పిల్లలు పగలబడి నవ్వారు. కెప్టెన్ నవ్వలేదు. మొహం ఎర్రబడింది. పొట్టిదాని వైపు చూసి, మళ్లీ వేప చెట్టు కింద కుర్చీ వైపు చూసింది.

ఫైనల్ మొదలైంది. మొదటి ఇన్నింగ్సు మళ్లీ అదే కథ. కెప్టెన్ ఒంటరి పరుగు. అవతలివాళ్లు ఆ సందులోంచి ఈ సందులోకి దూరి మా పిల్లను ఆటాడించారు. పోల్ చుట్టూ తిరిగొచ్చేసరికి వాళ్లు మళ్లీ అవతలివైపే. మేము వెనకబడిపోయాం. ఆఖరి టర్ను మాది, తరిమేది మేమే. తరుముతూ తరుముతూ దగ్గరికొచ్చాం. ఇంకో ఇద్దరిని పడితే సమానం అన్న చోట టైం దగ్గరపడింది. నా గొంతు ఎప్పుడో పోయింది. విజిల్ కొరికేస్తున్నాను.

కెప్టెన్ ఒక పిల్లను తరుముకుంటూ పోల్ వైపు వస్తోంది. చెయ్యి చాచింది. జానెడు దూరం! ఆ పిల్ల చటుక్కున వంగి పొట్టిదాని పక్క సందులోంచి అవతలికి దూరింది. ఇక రెండే దారులు. పోల్ చుట్టి తిరిగి వెళ్లి మళ్లీ తరమడం, అంటే సినిమా. లేదా...

"ఖో!"

నేను కాదు అరిచింది. కెప్టెన్! పొట్టిదాని వీపు మీద చరిచిన దెబ్బ గట్టు దాకా వినపడింది. అదెంత గట్టిగా చరిచిందో, అంత వేగంగా ఆ చోట్లో కూర్చుండిపోయింది. పొట్టిది? బాణం! కాళ్లు తిమ్మిరన్నది ఎవరు? లేచిందీ, రెండంగల్లో దూకిందీ, బోర్లా పడుతూ పడుతూ ఆ పిల్ల మడమ తాకిందీ! అవుట్! నేను గాల్లోకి ఎగిరాను. వయసు గుర్తు లేదు, మోకాళ్లు గుర్తు లేవు. నా పక్కన ఎవరో "ఇయ్యి! ఇంగో ఖో ఇయ్యి మే! ఇయ్యి!" అని కేకలు. తిరిగి చూస్తే గొడుగు ఒక చోట, పేపర్లు ఒక చోట, లెక్కల మేడం గీత మీదికి వచ్చేసింది. రెఫరీ ఆమెను వెనక్కి నెట్టాల్సి వచ్చింది.

ఆ తర్వాత పొట్టిది ఇంకొకరికిచ్చింది, వాళ్లు ఇంకొకరికి. ఖో, ఖో, ఖో! వాముల మధ్య ఆడిన మా ఆట మాకు తిరిగొచ్చింది. అబ్బ, ఆ కాసేపు చూడాలి మీరు! ఏ కెమెరాకూ చిక్కదు. ఇంకొక్క పిల్ల దొరికితే సమానం. వేలు తగిలీ తగలకముందే విజిల్ పడింది.

ఓడిపోయాం. ఒక్క పాయింటు.

పిల్లలు మట్టిలో కూలబడ్డారు. కెప్టెన్ తను కూర్చున్న చోటు నుంచి లేవనే లేదు. సరిగ్గా అప్పుడు గేటు దగ్గర వాళ్ల నాయన. సినిమాలోలాగే! మార్కెట్టుకు చెనిక్కాయ తోలుకొచ్చి, అమ్ముకుని, పిల్ల ఆట చూద్దామని ఆట ఆఖర్లో వచ్చాడట. కానీ కళ్లు తుడుచుకోవడం గట్రా ఏమీ లేదు. తలగుడ్డ విప్పి దులుపుకుంటూ నా మీదికే వచ్చాడు.

"ఏం సార్, నేనొచ్చినప్పట్నుంచీ సూస్తాండా, నా పాప కూకోనే ఉండాది! అందురూ ఉరుకుతాండారు, ఇది కూకోని ఉండాది. దీనికా సీటు?"

ఆ మాట పడింది కెప్టెన్ చెవిన కూడా. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది దానికి.

సెలెక్టర్ కుర్చీలోంచి లేచి వస్తోంది. నల్ల కళ్లద్దాలు తీసింది.

"ఈ పాప ఎవరిది?"

"నాదేనమ్మా" అన్నాడు ఆయన, తప్పు చేసినవాడిలా.

"నువ్వు సూసింది నిజమేప్పా. పొద్దున నుంచి ఉరుకుతానే ఉంటే, కాళ్లుండాయి గానీ ఆట రాదే ఈ పాపకు, అనుకున్యా. పేరు కొట్టేద్దామనుకున్యా. చేతికి అందే పిల్లను వదిలి, పొట్టిదానికి ఇచ్చి కూకునింది సూడు, అప్పుడు కండ్లు తెరిచినా. ఉరికేవోళ్లు ఊరికి పదిమంది దొరుకుతారు నాకు. అంత టయానికి కూకుండేవోళ్లు యాడ దొరుకుతారు?" అని, పిల్ల తల మీద చెయ్యి పెట్టింది. "కూకునిందానికే ఇస్తాండా సీటు."

ఆయన నా వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు, పిల్ల వైపు చూశాడు. "ఇదేం ఆటప్పా!" అన్నాడు. అంతే అన్నాడు. కానీ పోయేటప్పుడు జట్టుకంతా బజ్జీలు కొనిచ్చిపోయాడు.

సినిమా అయితే ఇక్కడ శుభం పడాలి. మాకు ఇంటర్వెల్ పడింది. సెలెక్టర్ కారెక్కుతూ "పదో తరగతి పాసైతేనే సీటు, తెలుసు గదా మాస్టరూ" అంది. మా కెప్టెన్‌కు లెక్కల్లో అప్పటిదాకా ఒక్క పరీక్షలోనూ గట్టెక్కిన చరిత్ర లేదు! ఏ సినిమాలోనైనా చూపించారా ఈ ముక్క? కప్పు గెలిచిన పిల్ల మర్నాడు వర్గసమీకరణాలు చేస్తుంటే ఎవడు టికెట్టు కొంటాడు!

తిరుగు బస్సులో లెక్కల మేడం నా పక్కన కూర్చుంది. దిద్దిన కట్టలోంచి మా కెప్టెన్ పేపరు బయటికి తీసి చూసింది. తర్వాత, "సార్, మీ పిల్లను పొద్దున పూట నాకు ఇయ్యండి" అంది.

"పొద్దున ప్రాక్టీసు ఉంటుంది మేడం."

"గ్రౌండుకే వస్తాలే. ఆడనే కూకోబెట్టి సెప్తా."

వచ్చింది! ఎండలు ముదిరేదాకా రోజూ పొద్దునే కదిరి నుంచి మొదటి బస్సులో వచ్చేది. కెప్టెన్ రెండు రౌండ్లు పరిగెత్తి వచ్చి మగ్గం కొయ్యకు ఆనుకుని కూర్చుంటే, నేల మీద పుల్లతో త్రికోణాలు గీసేది. పిల్లకు అర్థం కాకపోతే మేడం అరిచేది, మేడం అరిస్తే నేను మధ్యలో దూరేవాణ్ణి, నేను దూరితే ఇద్దరూ కలిసి నన్ను తరిమేవాళ్లు. అప్పటినుంచి నా డ్రిల్లు పీరియడ్లు మేడం లాక్కోలేదు. నేనే పోయి ఇచ్చేవాణ్ణి, ఎప్పుడన్నా.

ఫలితాల రోజు బడికి సెలవు, అయినా జట్టంతా వచ్చింది. వాళ్లలో పదో తరగతి పిల్లలు ఇద్దరే. మిగతావాళ్లు ఊరికే వచ్చారు. కెప్టెన్ ఆఫీసు గది ముందు మెట్టు మీద, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని కూర్చుంది. వాళ్ల అమ్మా నాయనా బెంగుళూరులో ఫోను చేత్తో పట్టుకుని ఉన్నారు. లోపల హెడ్మాస్టరు బోర్డు ముందు నిలబడి వేలితో పొడుస్తున్నాడు. ఎప్పుడూ పాటలు పాడే ఆ బోర్డు ఆ రోజు చక్రం గిరగిరా తిప్పుతూ ఒక్క పేజీ తెరవదు. ఫైనల్లో కూడా నా గుండె అంతగా కొట్టుకోలేదు, ఒట్టు!

చివరికి లోపలి నుంచి లెక్కల మేడం బయటికొచ్చింది. మొహం చూస్తే ఏమీ తెలియలేదు. చెంపల మీద నీళ్లు మాత్రం కారుతున్నాయి. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆమె నేరుగా మెట్టు దగ్గరికి వచ్చి, వంగి, ఆ పిల్ల వీపు మీద చరిచింది.

"ఖో!" అంది.

పిల్ల తలెత్తి చూసింది. ఒక్క క్షణం. అంతే, లేచింది! గేటు దాటింది, రోడ్డు దాటింది, గుట్ట మీద మేకలు మేపుతున్న వాళ్ల అవ్వకు చెప్పాలని ఆ బీళ్లల్లో పడి ఒకటే పరుగు. వెనకాల పొట్టిది, దాని వెనకాల జట్టంతా. కేకలు, దుమ్ము. నేను "భుజాలు దించు! భుజాలు దించవే తల్లీ!" అని అరుస్తూనే ఉన్నాను, ఎవరూ వినలేదు.

అరిచి అరిచి వెనక్కి తిరిగాను. ఆ పిల్ల లేచి పరిగెత్తిన మెట్టు మీద, అదే చోట్లో, మా లెక్కల మేడం కూర్చుని ఉంది. కొంగుతో మొహం తుడుచుకుని, కొంచెం పక్కకు జరిగి నాకూ చోటిచ్చింది. కూర్చున్నాను.